శిక్ష పడింది.. విచారణ న్యాయంగా జరిగిందా?

విజయవాడ: న్యాయస్థానం దోషిగా తేల్చిన వ్యక్తి నిజంగా దోషేనా? అతనికి తన వాదన వినిపించుకునే అవకాశం సక్రమంగా లభించిందా? ఈ ప్రశ్నలు తలెత్తినప్పుడల్లా ఉమ్మడి కృష్ణా జిల్లా వాసులకు స్ఫురించేది ఇబ్రహీంపట్నం వసతిగృహంలో ఫార్మసీ విద్యార్థిని హత్యోదంతమే. 2007 డిసెంబరు 27న జరిగిన ఆ ఘాతుకం రాష్ట్రవ్యాప్తంగా సంచలనం సృష్టించింది. దోషులను పట్టుకోవాలంటూ ఆందోళనలు మిన్నంటాయి. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఓ నిరుపేద యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతణ్ని దోషిగా నిర్ధారించి కారాగార శిక్ష విధించింది.

అయితే అసలు దోషి అతడు కాదని మృతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. బిడ్డను కోల్పోయినవారే నిందితుడి పక్షాన నిలవడం అరుదైన విషయం. 2017 మార్చి 31న హైకోర్టు ధర్మాసనం అతణ్ని నిర్దోషిగా ప్రకటించింది. ప్రాసిక్యూషన్ ప్రధానంగా ఆధారపడిన డీఎన్‌ఏ నివేదికను విశ్వసించలేదు. దర్యాప్తు తీరును తప్పుబట్టి, అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2017 ఏప్రిల్ 2న రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం నుంచి విడుదలయ్యే నాటికి అతని జీవితంలో ఎనిమిదిన్నరేళ్లకు పైగా నాలుగు గోడల మధ్యనే గడిచిపోయాయి.

న్యాయమైన విచారణ అంటే..

రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి స్వేచ్ఛనూ హరించరాదు. ఆ పద్ధతి న్యాయసమ్మతంగా, సహేతుకంగా ఉండాలని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో స్పష్టం చేసింది. శిక్ష పడిన కేసును పరిశీలించేటప్పుడు ముఖ్యంగా ఈ అంశాలు చూడాలి.

* ఒప్పుకోలు: పోలీసుల ఎదుట నిందితుడు నేరం అంగీకరించినట్లు రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదు. గతంలో సాక్ష్యాధార చట్టం 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఇదే చెబుతున్నాయి. అతడు చెప్పిన సమాచారంతో ఏదైనా వస్తువు దొరికితే, దానికి నేరుగా సంబంధించిన మాటలకే మినహాయింపు ఉంది.

* పరిస్థితుల సాక్ష్యం: ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు సాక్ష్యాలన్నీ గొలుసులా తెగకుండా కలవాలి. నిందితుడు తప్ప మరొకరు ఆ నేరం చేసి ఉండే అవకాశం మిగలకూడదు. సుప్రీంకోర్టు 1984లో శరద్ శార్దా కేసులో నిర్దేశించిన కొలబద్ద ఇది.

* శాస్త్రీయ ఆధారం: నమూనాను ఎప్పుడు, ఎవరు సేకరించారు, ప్రయోగశాలకు చేరేవరకు ఎవరి చేతిలో ఉంది అన్నది తేలకపోతే నివేదిక విలువ పడిపోతుంది.

* నిందితుడి వివరణ: సాక్ష్యంలో తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ న్యాయమూర్తి అతని ముందుంచి సమాధానం అడగాలి.

* న్యాయవాది: కేసును చదివి, సాక్షులను క్షుణ్ణంగా అడ్డుప్రశ్నలు వేసే న్యాయవాది ఉండాలి. జీవితఖైదు లేదా మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలని, సిద్ధమయ్యేందుకు సాధారణంగా ఏడు రోజుల గడువైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో పేర్కొంది.

పేదవాడికి దారేది?

కస్టడీలో ఉన్న వ్యక్తులు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. జైలు నుంచే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పంపవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా లభిస్తుంది. సెషన్స్ కోర్టు తీర్పుపై హైకోర్టులో అప్పీలుకు సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. మరణశిక్ష అయితే 30 రోజులే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. అప్పీలులో హైకోర్టు సాక్ష్యాలను మొదటి నుంచి తిరిగి తూకం వేస్తుంది. అవసరమైతే అదనపు సాక్ష్యం స్వీకరించగలదు, పునర్విచారణకూ ఆదేశించగలదు.

ఇరువైపులా నష్టమే

విచారణ గాడి తప్పితే నష్టపోయేది నిందితుడొక్కడే కాదు. ఇబ్రహీంపట్నం కేసును హైకోర్టు 2018లో సీబీఐకి అప్పగించే నాటికి ఘటన జరిగి పదేళ్లు దాటింది. విజయవాడ కోర్టులోని కేసు రికార్డులు ధ్వంసమైనట్లు కూడా అప్పుడే వెలుగుచూసింది. 2019 డిసెంబరులో మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. ఆ తల్లిదండ్రులకు కడుపుకోత రెండోసారి ఎదురైంది.

అన్యాయంగా జైలుపాలైనవారికి పరిహారం హక్కుగా ఇచ్చే ప్రత్యేక చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. తప్పుడు దర్యాప్తు చేసినవారిపై చర్యలు, బాధితులకు సకాలంలో పరిహారం అందేలా నిబంధనలు ఉంటేనే మరో పేద కుటుంబానికి ఇటువంటి గతి పట్టకుండా ఉంటుంది. జనాగ్రహాన్ని చల్లార్చేందుకు ఎవరో ఒకరిని దోషిగా నిలబెడితే అసలు దోషి తప్పించుకున్నట్లే.