వడగళ్లను విమానం ఆపుతుందా?

విస్సన్నపేట చుట్టూ మామిడి తోటలే. నూజివీడు దాకా అదే వరస. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయలు. ఈ తోటలు ఎందరికో తిండి పెడతాయి. తోట ఉన్నవాళ్లకే కాదు. కాపును గుత్తకు తీసుకున్నవాళ్లకు, కాయలు కోసేవాళ్లకు, ఏరి పెట్టెల్లో సర్దే ఆడకూలీలకు కూడా.

ఏప్రిల్, మే నెలల్లో కాయ ముదురుతుంది. ఆకాశం భయపెట్టేది కూడా అప్పుడే. మధ్యాహ్నం దాకా మండే ఎండ. సాయంత్రానికి నల్లమబ్బు, ఈదురుగాలి. ఒక్కోసారి వడగళ్లు. పది నిమిషాలు పడితే చాలు. కాయలు రాలిపోతాయి. చెట్టున మిగిలిన కాయలకు దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలిన చోట తొక్క నల్లబడి, కాయ కుళ్లుతుంది. అలాంటి కాయకు ధర రాదు. కోత లేకపోతే కూలీ ఉండదు.

అప్పుడు ఎవరో ఒకరు అంటారు. "విమానంతో మబ్బుల్లో మందు చల్లితే వడగళ్లు పడవట కదా! ఇక్కడెందుకు చల్లరు?"

అడగవలసిన ప్రశ్నే. జవాబు తెలియాలంటే ముందు వడగళ్ల సంగతి తెలియాలి.

వడగళ్లు ఎలా పుడతాయి?

ఎండకు నేల కాగుతుంది. వేడిగాలి తేమను తీసుకుని పైకి లేస్తుంది. పైన చలి ఎక్కువ. అక్కడ తేమ చిన్న చిన్న నీటి బొట్లుగా మారుతుంది. అదే మబ్బు. మబ్బు ఇంకా ఎత్తుకు పెరిగితే అక్కడ గడ్డకట్టేంత చలి ఉంటుంది. అయినా చాలా బొట్లు వెంటనే గడ్డకట్టవు. నీళ్లలాగే ఉండిపోతాయి. ఇది వింతే, కాని నిజం.

ఆ బొట్ల మధ్యకు ఒక చిన్న మంచు పలుకు వస్తుంది. తగిలిన బొట్టల్లా దానికి అంటుకుని గడ్డకడుతుంది. కింద నుంచి లేచే గాలి దాన్ని పడనివ్వదు. పలుకు పెరుగుతూనే ఉంటుంది. గాలి మోయలేనంత బరువెక్కాక కింద పడుతుంది. అదే వడగల్లు. పెద్ద వడగల్లును కోసి చూస్తే ఉల్లిపాయలాగా పొరలు కనిపిస్తాయి.

విమానం ఏం చేస్తుంది?

సిల్వర్ అయోడైడ్ అనే మందు ఉంది. ఇందులో వెండి, అయోడిన్ కలిసి ఉంటాయి. దీని పలుకు మంచు పలుకును పోలి ఉంటుంది. చల్లటి నీటి బొట్టు దీన్ని తాకితే గడ్డకడుతుంది. ఈ సంగతిని 1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు.

విమానం రెక్కలకు ఈ మందు గొట్టాలు కడతారు. మబ్బు అడుగున, గాలి పైకి లేచే చోట వాటిని కాలుస్తారు. పొగను గాలే పైకి తీసుకుపోతుంది. కొన్నిసార్లు మబ్బు పైభాగంలో మందును జారవిడుస్తారు.

దీని వెనక ఆలోచన ఇది. కుండెడు గంజిని నలుగురు తాగితే కడుపు నిండుతుంది. నలభైమందికి పంచితే ఎవరికీ చాలదు. అలాగే మబ్బులో మంచు పలుకులు ఎక్కువైతే, ఉన్న నీళ్లు వాటన్నిటికీ పంచుకుపోతాయి. ఏ వడగల్లూ పెద్దది కాదు. చిన్నవి దారిలోనే కరిగి వానగా పడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ విమానంతో మందు చల్లారు. 2003 నుంచి కొన్నేళ్లు అనంతపురం వంటి కరువు ప్రాంతాల్లో ఆ పని జరిగింది. దాన్ని మేఘమథనం అన్నారు. కాని అది వాన కురిపించడానికి. వడగళ్లను ఆపడానికి కాదు.

మరి వడగళ్లు ఆగాయా?

కెనడా దేశంలో ఆల్బెర్టా అనే రాష్ట్రం ఉంది. అక్కడ 1996లో ఈ పని మొదలైంది. డబ్బు పెట్టింది బీమా కంపెనీలు. ఇళ్లు, కార్లు పాడైతే అవే డబ్బు కట్టాలి కదా. అందుకే పట్నాల మీదికి వచ్చే మబ్బులపైనే మందు చల్లించాయి. అయినా అక్కడి కాల్గరీ పట్నంపై 2020 జూన్‌లోనూ, 2024 ఆగస్టులోనూ పెద్ద వడగళ్లు పడ్డాయి. నష్టం చాలా జరిగింది.

అమెరికాలోని కొలరాడోలో 1972 నుంచి 1974 దాకా పరీక్ష చేశారు. కొన్ని రోజులు మందు చల్లారు. కొన్ని రోజులు చల్లలేదు. రెండింటినీ పోల్చి చూశారు. వడగళ్లు తగ్గాయని తేలలేదు.

తేల్చడం కష్టమే. ఒక మబ్బులాగా మరో మబ్బు ఉండదు. పడని వడగల్లును ఎవరు లెక్కపెడతారు? అందుకే ఈ పని బాగా జరుగుతుందని శాస్త్రవేత్తలు ఇంకా గట్టిగా చెప్పలేకపోతున్నారు.

హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల్లో కొందరు రైతులు మబ్బుల వైపు పెద్ద చప్పుడు చేసే తుపాకులు పెట్టుకున్నారు. వీటికి శాస్త్రం ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. అక్కడే చాలామంది చెట్లపై వలలు కడతారు. వల వడగల్లును నిజంగా ఆపుతుంది. కాని ఎత్తయిన పాత మామిడి చెట్లకు వల కట్టడం కష్టం.

చేతిలో ఉన్న పనులు

విమానం కోసం ఎదురు చూస్తూ కూర్చోనక్కరలేదు. చేయగలిగినవి ఉన్నాయి.

ఉరుము వినబడగానే కోత ఆపాలి. చెట్టు కింద నిలబడకూడదు. పిడుగు చెట్టు మీదే పడవచ్చు. పక్కా ఇంట్లోకి పోవాలి. కాయల కన్నా ప్రాణం ముఖ్యం. ఈ మాట మేస్త్రీకి గట్టిగా చెప్పాలి.

పిడుగుల హెచ్చరికకు దామిని అనే ఫోను యాప్ ఉంది. చదువు వచ్చినవాళ్లు అది చూసి పక్కవాళ్లకు చెప్పవచ్చు.

దెబ్బ తిన్న కాయలను మంచి కాయల్లో కలపకూడదు. అవి త్వరగా కుళ్లుతాయి, పక్క కాయలనూ పాడుచేస్తాయి. రాలిన పచ్చికాయలను ఆ రోజే కడిగి, చెడిన భాగం కోసేసి, ఒరుగులు ఎండబెట్టవచ్చు. పచ్చడి పెట్టవచ్చు.

కాపు మొదలవకముందే రైతు సేవా కేంద్రంలో అడగాలి. ఈ ఏడు మామిడికి బీమా ఉందా? వడగళ్ల నష్టం అందులో చేరిందా? ఎన్ని రోజుల్లో చెప్పాలి? జవాబులు కాగితం మీద రాసుకోవాలి. నష్టం జరిగితే వెంటనే ఫోటో తీసి ఉద్యాన అధికారికి తెలపాలి. గుత్తకు తీసుకున్నవాళ్లు ఆ ఒప్పందం నోటిమాటగా వదలకూడదు. నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలో రాయించుకోవాలి. సంతకం పెట్టే ముందు చదువుకోవాలి.

మబ్బును ఆపడం ఇంకా ఎవరి చేతిలోనూ లేదు. కాగితం చదవడం మాత్రం ఇప్పుడు చేతిలో ఉంది.

మాట్లాడుకోండి:
కిందటి వేసవిలో మీ ఊళ్లో వడగళ్లు పడ్డాయా? ఎవరెవరికి నష్టం వచ్చింది?
కోత ఆగిన రోజున కూలీల ఇల్లు ఎలా గడిచింది?