దంతశుద్ధి – దేహారోగ్యము

ప్రాతఃకాలమున స్నానసంధ్యలకు ముందు మన పెద్దలు విధించిన నిత్యకర్మ దంతధావనము. నోటి దుర్గంధమును పోగొట్టుకొనుటకే ఇది ఏర్పడినదని చాలమంది తలంతురు. కాని చరకసంహితలో సూత్రస్థానమందును, వాగ్భటుని అష్టాంగహృదయములో దినచర్యాధ్యాయమందును దీనిని ఆహారవిహారములతోపాటు చెప్పుటకు కారణము కలదు. దేహమునకు అన్నము ఆధారము. ఆ అన్నము మొదట పక్వమగుట ప్రారంభించు చోటు నోరు. నమలబడని అన్నము కడుపునకు భారమగును. నమలలేనివాడు క్రమముగా మంచి ఆహారమునకే దూరమగును.

సుశ్రుతాచార్యుడు ముఖరోగములను 65గా లెక్కించెను. వానిలో దంతరోగములు 8 కాగా, చిగుళ్ళ రోగములు 15. ఈ లెక్క గమనింపదగినది. పెద్దవయసున పండ్లు కదలి ఊడిపోవుటకు చిగుళ్ళ వ్యాధియే ముఖ్యకారణమని నేటి వైద్యులును చెప్పుచున్నారు. పండ్లు తోమునపుడు రక్తము కనబడినచో అది వయోధర్మమని ఊరకుండరాదు.

పందుంపుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును కలిగి, కొన నమలి మెత్తని కుంచెవలె చేసికొనదగినదై యుండవలెనని సుశ్రుతుని మతము. చేదు చెట్లలో వేప, వగరు వానిలో చండ్ర, తీపి వానిలో ఇప్ప, కారపు వానిలో కానుగ శ్రేష్ఠములు. చిగుళ్ళకు గాయము కాకుండ తోమవలెనని శాస్త్రము హెచ్చరించుచున్నది. నేడు బ్రష్షు వాడువారికిని మెత్తని కుచ్చు గలదే మంచిది. ఇటుకపొడి, ముతక బొగ్గుపొడి పంటి పైపూతను అరగదీయును. చరకుడు రెండు పూటల తోమవలెననెను. రాత్రి పరుండబోవు ముందు తోముటను మనము మరచితిమి.

ఇచట వ్రతనిష్ఠ గల భక్తులకు ఒక సందేహనివృత్తి. ఉపవాసదినములందును శ్రాద్ధదినములందును పుల్లతో తోమరాదని స్మృతులు నిషేధించినవి. నిషిద్ధమైనది కాష్ఠమే గాని శుద్ధి కాదు. ఆ దినములందు పండ్రెండుమార్లు నీటితో పుక్కిలింపవలెనని ఆ స్మృతులే విధించినవి. అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఆదివారవ్రతము పట్టువారు ఈ విధిని పాటించిన వ్రతభంగము లేదు, నోటికి హాని లేదు.

ఆహారము పండ్లను కాపాడును, చెరచును. తీపి పదార్థము నోట నిలిచినపుడు సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పైపూతను కరగించును. లాలాజలము ఆ ఆమ్లమును శమింపజేయుటకు సుమారు అరగంట పట్టును. కావున ఎంత తీపి తింటిమనుటకంటె ఎన్నిమార్లు తింటిమనునది ముఖ్యము. ప్రసాదమును భక్తితో ఒకేమారు స్వీకరించి నోరు పుక్కిలించిన దోషము లేదు. పిల్లలు దినమంతయు చాక్లెట్లు చప్పరించుటయే హానికరము.

మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో పూర్వము ఇంటింటను ఉండిన చోడి అంబలి పండ్లకు, ఎముకలకు గొప్ప ఆహారము. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లని బియ్యములో అది దాదాపు 10 మిల్లీగ్రాములే. పాలపండ్లు తల్లిగర్భమందే రూపొందుట ఆరంభించును గనుక గర్భిణులకు ఇది మరింత అవసరము. ఉసిరిక, జామ, నిమ్మలలోని సి విటమిను చిగుళ్ళకు బలము. అది లోపించిన చిగుళ్ళు వాచి రక్తము కారును. ఓడలలో నెలల తరబడి పయనించు నావికులు ఈ వ్యాధితో మరణించుచుండగా, 1747లో జేమ్స్ లిండ్ అను స్కాట్లండు వైద్యుడు నారింజ, నిమ్మపండ్లతో అది శమించునని పరీక్షించి చూపెను.

పండ్లు చెడినచో దేహమంతయు బాధపడును. పండ్లూడిన వృద్ధులు పప్పుగింజలు, కూరలు, పండ్లు మాని మెత్తని అన్నముతోను కాఫీతోను కాలము గడిపి నీరసింతురు. మధుమేహము గలవారికి చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురును. ఆ వ్యాధి ముదిరినకొలది రక్తమందలి చక్కెరయు అదుపు తప్పును. కీళ్ళవాతజ్వరముచే గుండెకవాటములు చెడినవారు పంటివైద్యునకు ఆ సంగతి ముందుగా చెప్పితీరవలెను. నోటి క్రిములు రక్తమున జేరి ఆ కవాటములను పట్టుకొను ప్రమాదము కలదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన ఆపద మరియొకటి కలదు. చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు ఇచటి పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, తరతరములుగా నున్నది. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 1971లో ప్రకటించిన పరిశోధనలో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ త్రాగువారే. ఆ వేడిమికి అంగిలి తెల్లబారి, పుండ్లుపడి, కొందరిలో క్యాన్సరుగా పరిణమించును. తొలిదశలో నొప్పి యుండదు గనుక ఎవరును గుర్తింపరు. అయితే ఇందు ఆశయు కలదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరములలో 36 వేలమందికి పైగా పొగాకు వాడువారికి బోధచేసి 1986లో ప్రకటించిన ఫలితములలో, మానినవారికిని తగ్గించినవారికిని నోటి మచ్చలు తక్కువగా ఏర్పడినట్లు తేలినది.

ఇంటిలో చుట్ట కాల్చు అమ్మమ్మగాని నాయనమ్మగాని యున్నచో కోపింపక, వెలుగున కూర్చుండబెట్టి అంగిలి చూడుడు. తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ గాని, రెండు వారములకు మానని పుండు గాని కనబడిన ప్రభుత్వాసుపత్రికి తోడ్కొనిపొండు.

అన్నదానము చేయు పుణ్యాత్ములకు ఒక విన్నపము. పంక్తిలో కూర్చున్న పండ్లులేని ముదుసలిని తలచుకొని, మెత్తగా ఉడికిన పప్పును, ఆకుకూరను, కాసింత చోడి జావను వడ్డింపజేయుడు. తినగలిగినట్లు పెట్టినపుడే అన్నదానము సంపూర్ణమగును.