చీకట్లో తూలు ఎందుకు వస్తుంది?

"నీరసంగా ఉంది డాక్టరు గారూ! రాత్రిపూట లేస్తే తూలిపోతున్నాను. బలానికి టానిక్కు ఏదైనా రాసివ్వండి."

అరవై దాటిన స్త్రీలు తరచు చెప్పే మాట ఇది. వెంట వచ్చిన కోడలు, "పగలంతా బాగానే తిరుగుతారండీ" అంటుంది. అసలు కీలకం ఆ మాటలోనే ఉంది.

మనిషి పడిపోకుండా నిలబడడానికి కాళ్ళ బలం ఒక్కటే చాలదు. కళ్ళు, లోచెవి, పాదాల స్పర్శ - ఈ మూడూ ఎప్పటికప్పుడు మెదడుకి కబురు అందిస్తూ ఉండాలి. మెదడు వాటిని సరిచూసుకుని కండరాలను నడిపిస్తుంది. వయసు పైబడినకొద్దీ లోచెవి, పాదాల స్పర్శ మందగిస్తాయి. మధుమేహం ఉంటే పాదాలు మరీ మొద్దుబారవచ్చు. అప్పుడు భారమంతా కళ్ళమీద పడుతుంది. దీపం ఆర్పితే ఆ ఆధారమూ పోతుంది. ముఖం కడుక్కోవడానికి కళ్ళు మూసుకోగానే కొందరు తూలడానికీ కారణం ఇదే.

ఇక మెదడు సంగతి. పడుచు వయసులో నడక దానంతటదే సాగిపోతుంది. పెద్ద వయసులో నడకమీద ధ్యాస పెట్టవలసి వస్తుంది. నడుస్తుండగా పలకరిస్తే, జవాబు చెప్పడానికి ఆగిపోయే వృద్ధులు ఆ తర్వాత ఎక్కువగా పడిపోయారని స్వీడన్ పరిశోధకులు 1997లో ప్రకటించారు. కాబట్టి మెట్లు దిగుతున్న అత్తగారిని వెనకనుంచి పిలవకండి.

బహిష్టులు ఆగిపోయాక స్త్రీల ఎముకలు గుల్లబారతాయి. కాలు జారి పడితే చాలు, తుంటి ఎముక విరగవచ్చు. దానితో మంచం పట్టి ప్రాణంమీదికి తెచ్చుకున్నవారూ ఉన్నారు.

"ఈ వయసులో ఆపరేషనెందుకు?" అని శుక్లాలను వాయిదా వేయకండి. 70 దాటిన స్త్రీలమీద ఇంగ్లండులో జరిపిన పరిశీలన 2005లో వెలువడింది. మొదటి కంటి శుక్లం త్వరగా తీయించుకున్నవారు, ఆపరేషన్ కోసం ఆగినవారికన్నా సుమారు మూడోవంతు తక్కువసార్లు పడిపోయారు.

ఇంట్లో పాటించవలసినవి:

● పడకనుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి.

● నిద్ర లేవగానే నడవకుండా, మంచంమీద ఒక నిమిషం కూర్చుని లేవండి.

● దగ్గరచూపుకీ దూరపుచూపుకీ ఒకటే కళ్ళజోడయితే, కింది అద్దంలోంచి మెట్లు మసకగా కనిపిస్తాయి. తల బాగా వంచి, కమ్మీ పట్టుకుని దిగండి.

● తడి గచ్చు, జారే పట్టాలు, గడపదగ్గర చెప్పులు లేకుండా చూడండి.

● కిటికీ ఊచ పట్టుకుని, పక్కన మనిషిని ఉంచుకుని, ఒక్కొక్క కాలిమీద పది సెకండ్లు నిలబడడం రోజూ అలవాటు చేసుకోండి.

● నిద్రమాత్రలు, బి.పి. మాత్రలవల్ల కూడా తూలు రావచ్చు. వాటిని మీ అంతట మీరు మానకుండా డాక్టరుకి చెప్పండి.

హఠాత్తుగా తూలు వచ్చి, మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మిగిలినవారికి నేను ముందుగా రాసేది టానిక్కు కాదు, కంటి పరీక్ష. ఆ టానిక్కు డబ్బుతో ఒక జీరో బల్బు కొనండి.