ఉదర డయాలిసిస్‌లో చేతుల శుభ్రత

మూత్రపిండాలు పనిచేయని రోగికి ఉదర డయాలిసిస్ ఇంటివద్దనే చేసుకొనదగిన చికిత్స. పొట్టలో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా ద్రవాన్ని లోపలికి పంపి, కొన్ని గంటల తర్వాత బయటికి తీస్తారు. చేతితో చేసుకునేవారు దీన్ని సాధారణంగా రోజుకు 4 సార్లు చేస్తారు. 1968లో టెంకాఫ్ ప్రకటించిన గొట్టానికి రెండు డాక్రాన్ పట్టీలు ఉంటాయి. కణజాలం వాటిలోకి అల్లుకుని, గొట్టం వెంట క్రిములు పాకకుండా ఆపుతుంది. కాని గొట్టం కొసను సంచికి తగిలించే ఆ కొద్ది క్షణాలలో అటువంటి అడ్డు ఏదీ లేదు. కొసకు వేలు తగిలితే క్రిములు నేరుగా పొట్టలోకి చేరగలవు.

వుజూ చేసిన చేతులే కదా అని కొందరు అనుకోవచ్చును. వుజూ ఆరాధనకు కావలసిన పరిశుద్ధత. ఇక్కడ సబ్బు, పారే నీరు, ఆపైన శుభ్రమైన పొడి గుడ్డ కావాలి. ఈ పొడి గుడ్డనే చాలామంది మరచిపోతారు. తడి చేతులు పొడి చేతులకన్నా సులభంగా క్రిములను అంటిస్తాయి. ముక్కూ నోరూ మూసే మాస్కు ధరించి, పంకా ఆపి కూర్చోవాలి.

గొట్టం చర్మం నుండి బయటికి వచ్చే చోట వైద్యులు సూచించిన మందు రాసి, గొట్టం లాగబడకుండా ప్లాస్టరు వేయాలి. గుస్ల్ చేసేటప్పుడు ఆ చోటు తొట్టి నీటిలో మునగరాదు. బయటికి వచ్చిన ద్రవం మసకగా ఉంటే, నొప్పి లేకపోయినా, ఆ సంచిని పారవేయక వెంట తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.