మీకు తెలుసా? మద్రాసు బ్యాంకు గోపురాల వెనక తెలుగు చేయి

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన నెల్లూరు జిల్లా అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వాళ్ళకు రాజధాని మద్రాసే. ఆ నగరంలో విక్టోరియా రాణి కాలపు వ్యాపార భవనాల్లో మేటి ఏదంటే, సముద్రపు ఒడ్డున రాజాజీ సాలైలో ఉన్న స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ అంటాను నేను. 1897లో దాన్ని ‘బ్యాంక్ ఆఫ్ మద్రాస్’ కోసం కట్టారు.

మొదటి నమూనా జైపూర్‌లో పేరు తెచ్చుకున్న ఇంజనీరు స్వింటన్ జాకబ్‌ది. దానికి మార్పులు చేసి తుదిరూపమిచ్చింది హెన్రీ ఇర్విన్. మైసూరు రాజభవనం గీసిందీ ఆయనే. లోపల జరిగేది ఇంగ్లీషు పద్ధతి బ్యాంకింగు, పైన కనిపించేవి మాత్రం మన దేశపు గోపురాలు, కమానులు. ఇండో-సారసెనిక్ శైలి అంటే అదే.

మరి కట్టిందెవరు? తాటికొండ నంపెరుమాళ్ చెట్టి. తెలుగు వైశ్య కుటుంబానికి చెందిన కంట్రాక్టరు. మద్రాసు హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం, విక్టోరియా పబ్లిక్ హాలు కూడా ఆయన కట్టించినవే. గణిత మేధావి రామానుజన్ 1920లో చివరి రోజులు గడిపింది కూడా చెట్‌పట్‌లో ఈయన ఇంట్లోనే! ఇంతటి మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో చేరాల్సిందే.

బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1921లో ఇంపీరియల్ బ్యాంకులో కలిసింది, అది 1955లో స్టేట్ బ్యాంకైంది. పేర్లు మారినా భవనం బ్యాంకుగానే కొనసాగింది. ఈసారి చెన్నై వెళ్తే బీచ్ స్టేషన్ దగ్గర దిగి, తలెత్తి ఆ గోపురాలు చూసి రండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్ళండి.