చైనును అరగదీయు రాయి, బిగబట్టు రేగడి

ప్రొద్దుటూరు పొలిమేరలలో బయలుదేరి జమ్మలమడుగు చేరి, అచ్చట దక్షిణమునకు తిరిగి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవు బాటసారి ఒక్క పూటలోనే మూడు తీరుల నేలలను దాటిపోవును. కుందూ పెన్నా నదుల పరీవాహమున నల్లరేగడి; జమ్మలమడుగు ప్రాంతమున పొరలు పొరలుగా లేచి కడప బండలని దేశమంతట పేరు వడసిన నాపరాయి; పులివెందుల వైపున ఎఱ్ఱనేలలును, గుట్టల నెత్తిన గట్టి స్ఫటికశిలయును. చెరువుకట్టకో, కాలువకో, చీనీతోట వేయదలచిన రైతు బీడును చదును చేయుటకో ఈ మూడు నేలలపైకి వచ్చు బుల్డోజరు ఒక్కటియే కావచ్చును. దాని చైను మాత్రము మూడుచోట్ల మూడు విధములుగా చెడును. ఏ నేలపై ఏ విధముగా చెడునో ఎరుగకయే, చైను వదులైన దన్న ప్రతిసారియు గ్రీజు గన్ను చేతబట్టి బిగించుట మన పనులలో మిక్కిలి వ్యాపించిన అలవాటు. రోగము నడుగక మందు వేయు ఈ పద్ధతి వలన యజమానుల ధనము ఎంత వృథా యగుచున్నదో తలచుకొన్నప్పుడు మనస్సు కలుక్కుమనును.

డోజరు తన బాటను తానే పరచుకొని, దానిపై నడచి, వెనుకనుండి దానిని ఎత్తుకొని మరల ముందు పరచుకొను యంత్రము. చక్రముల ట్రాక్టర్లు దిగబడిపోవు మెత్తని నదీతీరభూముల కొఱకై, కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణమున బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరు 24వ తేదీన ఇట్టి చైను యంత్రమును నడిపి చూచెను. మన దేశమున 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ, కోలారు బంగారు గనుల పట్టణమున డోజర్లను నిర్మించుచున్నది. యంత్ర మెవరిదైనను అమరిక ఒక్కటే. లింకులను పిన్నులు కలుపును. పిన్నుపై బుష్షు తొడిగియుండును. లింకుల వెలుపల ప్లేట్లు బోల్టులతో బిగించియుండును. వెనుకనున్న స్ప్రాకెట్ పండ్లు బుష్షులను పట్టి లాగును; ముందున్న ఐడ్లరు చైనును మలపును; క్రింది రోలర్లు యంత్రపు బరువును మోయగా, పైనున్న క్యారియర్ రోలర్లు చైను బరువును మోయును. ఐడ్లరు వెనుక గ్రీజు సిలిండరును, దాని వెంబడి మహాబలముతో అదిమిపెట్టిన రికాయిల్ స్ప్రింగును ఉండును. డోజరు మరమ్మతు వ్యయములో దాదాపు సగము ఈ అడుగుభాగమే మ్రింగునని యంత్రనిర్మాతలు చెప్పుదురు.

చైను సాగినదని మన మందుము. ఉక్కు సాగదు. సైకిలు చైను విషయమున జరుగునదే ఇచ్చటను జరుగును: పిన్నుకును బుష్షునకును నడుమ లోలోపల అరుగుదల పుట్టి, ఒక్కొక్క కీలు వద్ద వెండ్రుకవాసి యెడము చేరి, నలుబది దరిదాపు కీళ్ల యెడము కలిసి చైను నిడివిగా పెరుగును. అట్లు పెరిగినప్పుడు బుష్షు స్ప్రాకెట్ పన్ను మొదట కూర్చుండక కొనవైపునకు ఎక్కును. పన్ను కొన క్రమముగా సన్నగిల్లి మొనదేలును. బరువు తోయునప్పుడు టక్కుమని జారును. ఆ శబ్దము వినగానే గ్రీజు కొట్టినచో ఐడ్లరు ముందుకు జరిగి, వ్రేలాట కంటికి మాయమగునే గాని కీళ్ల లోపలి యెడము తగ్గదు. పైపెచ్చు ప్రతి పిన్నుమీదను ఒత్తిడి పెరిగి అరుగుదల వేగిరపడును. అనుభవము గల మెకానిక్ ఇట్టి సమయమున ఆపరేటరుతో, “బిగించాకు అన్నా, ముందు బుష్షు మీద వేలు పెట్టి చూడు” అనును. ఆ వ్రేలికి తెలియునది చాల గలదు. కొత్త బుష్షు చుట్టును సమముగా గుండ్రముగా నుండును. అరిగినది పన్ను తాకు వైపున పల్లమై, ఆ పల్లపు అంచు చర్మమునకు గ్రుచ్చుకొనును. పల్లము నిర్మాత చెప్పిన హద్దు దాటకమునుపే పిన్నులను బుష్షులను ప్రెస్సుపై ఊడదీసి అర్ధవృత్తము త్రిప్పి బిగించినచో, అరగని వైపు పనిలోనికి వచ్చి అదే చైనుకు రెండవ ఆయుర్దాయము లభించును. హద్దు దాటినచో త్రిప్పుటకు బుష్షు మిగులదు. చైనును బిగువుగా లాగి నాలుగు లింకుల నిడివిని టేపుతో కొలిచి, కొత్తచైను కొలతతో పోల్చుటకు పట్టునది కొద్ది నిమిషములే.

ఇక నేలల సంగతి. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథము మొదలుకొని కడప శిలల అధ్యయనము సాగుచు రాగా, ఆ శాస్త్రమున పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్ అను శిలాశ్రేణులు ఈ సీమ ఊళ్ల పేర్లతోనే స్థిరపడినవి. ఖనిజముల కాఠిన్యమును 1 నుండి 10 వరకు కొలుచు మోస్ పట్టికలో స్ఫటికము స్థానము 7. నాపరాతిలోని కాల్సైటు స్థానము 3. పదునెక్కించిన ఉక్కు ఈ రెంటి నడుమ నుండును గనుక, స్ఫటికపు ఇసుక చైనును గీయగలదు, సున్నపురాయి గీయజాలదు. కాబట్టి పులివెందుల గుట్టలలో పనిచేసిన డోజరున లింకుల పట్టాలు, రోలర్ల అంచులు, ప్లేట్ల గట్లు ముందుగా అరిగి కనబడును. అచ్చట వెడల్పు ప్లేట్లు వేయుట పొరపాటు. నేలలో దిగబడకుండుటకు ఎంత అవసరమో అంతకు మించిన వెడల్పు రాతిపై ప్లేటును వంచును, బోల్టును విరుచును. అవసరము లేని రివర్సు నడక, అందులోను వేగముగా నడుపుట, మరింత చేటు. వెనుకకు పోవునప్పుడు బుష్షు స్ప్రాకెట్ పంటిపై బరువుతో ఒరసికొనుచు తిరుగును. ఎల్లప్పుడును ఒకేవైపునకు వాలిన గుట్టపై పనిచేసిన బండికి పల్లపువైపు రోలర్లే ముందు అరుగును. అది యంత్రదోషము కాదు, పనిని అప్పుడప్పుడు దిశ మార్చి చేయింపవలెనను సూచన.

జమ్మలమడుగు నాపరాతిపై అరుగుదల తక్కువ, దెబ్బ యెక్కువ. లేచిన బండ అంచుపైకి ప్లేటు ఒక కొసతో ఎక్కినప్పుడు యంత్రపు బరువంతయు ఆ కొసపై పడి బోల్టులు వదులగును. వదులైన బోల్టును చూపునది దాని చుట్టును కనబడు తుప్పుచారికయు, ప్లేటు క్రింద మెరయు రాపిడిగుర్తును. అట్టి బోల్టును నిర్ణీత టార్కునకు బిగించి, పిదప చాల యంత్రములలో నూట ఇరువది డిగ్రీలు అదనముగా త్రిప్పుట పద్ధతి.

నేను అందరికంటె ఎక్కువగా హెచ్చరింపదలచినది రేగడిలో పనిచేయువారిని. వాన వెలిసిన మరునాడు ప్రొద్దుటూరు పరిసరముల రేగడి స్ప్రాకెట్ పండ్ల సందులలో నిండి, గట్టిపడి, బుష్షు కూర్చుండవలసిన చోటును తానే ఆక్రమించును. అప్పుడు ఎవ్వరును బిగింపకయే చైను వీణతంతి బిగువున నిలుచును. లాగుటకే ఇంజను బలము వ్యయమగును. పిన్నులు, బుష్షులు, ఫైనల్ డ్రైవు బేరింగులు ఆ భారము మోయలేక త్వరగా చెడును. చైను వ్రేలాట కొలుచుటకు డోజరును సమనేలపై కొంతదూరము ముందుకు నడిపి, బ్రేకు వేయకుండ దానంతట ఆగనిచ్చి, ఐడ్లరు పైనుండి క్యారియర్ రోలరు వరకు చదునైన కమ్మిని పరచి, నడుమ కమ్మికి చైనుకు గల యెడమును చూడవలెను. అది కొన్ని యంత్రములకు 20 నుండి 30 మిల్లీమీటర్లు, కొన్నిటికి 50 వరకును ఉండును గనుక, ఆ బండి పుస్తకమే ప్రమాణము. రేగడిలో చేయు దోషమేమనగా, మట్టిని శుభ్రముగా కడిగి, కొలిచి, సరిగా బిగించి పనికి పంపుట. గంట గడవకమునుపే మట్టి మరల నిండి, సరియైన బిగువు అతిబిగువగును. పనిలో నున్న స్థితిలోనే, మట్టితో కూడ కొలిచి సర్దవలెను. ప్రతి సాయంకాలము మాత్రము పారతో, గడ్డపారతో రోలర్ల నడుమ మట్టిని తీసివేయవలెను. రాత్రి ఎండిన రేగడి తెల్లవారునప్పటికి రాయియై రోలరును తిరుగనీయదు, తిరుగని రోలరు ఒకచోటనే అరిగి చదునగును. నడుమ రంధ్రము గల ప్లేట్లు వేసినచో మట్టి కొంత బయటకు వెడలును.

చైను ఊడినప్పుడు ముందుగా చేయవలసినది యంత్రము నాపుట. లింకులు ఐడ్లరు అంచుపైకి ఎక్కి, రోలర్ల నడుమ ఇంకను కొంత నిలిచియున్న స్థితిలో బలవంతముగా మలుపు త్రిప్పినచో సగమూడినది పూర్తిగా ఊడును. గ్రీజు వదలి, మట్టి తీసి, గడ్డపారలతో లింకులను దారికి తెచ్చుచు, ఒక్కరి సైగపైననే మెల్లగా నడుపవలెను. గ్రీజు వదలునప్పుడు ప్లగ్గును ఒక చుట్టునకు మించి విప్పరాదు, దాని యెదుట ముఖమైనను చేయియైనను ఉంచరాదు. లోపలి ఒత్తిడికి గ్రీజు చర్మమును తొలిచి మాంసములోనికి పోవును, ప్లగ్గు తూటావేగమున ఎగిరివచ్చును. రికాయిల్ స్ప్రింగును పొలములో విప్పుటకు పూనుకొనుట ప్రాణాపాయము. అది ప్రత్యేకమైన ప్రెస్సు గల వర్క్‌షాపు పని.

పూర్తిగా ఊడినదానిని మాస్టర్ పిన్ను లేక మాస్టర్ లింకు వద్ద విడదీసి, నేలపై తిన్నగా, ముందు వెనుకలు తారుమారు కాకుండ పరచి, యంత్రమును దానిపైకి నడిపి, కొసను స్ప్రాకెట్ మీదుగా క్యారియర్ రోలర్లపై ముందుకు లాగి ఐడ్లరు వద్ద కలుపుదురు. కలిపినంతనే పని పూర్తి కాదు. ఊడుటకు కారణము వదులుతనమా, ఐడ్లరు అంచుల అరుగుదలయా, వంగిన ఫ్రేమా, కారుచున్న సిలిండరా అన్నది తేలవలెను. అందుకు సులభమైన పరీక్ష గలదు: సాయంకాలము వ్రేలాటను కొలిచి వ్రాసికొని, యంత్రమును కదల్పక ఉంచి, మరునాడు ఉదయము మరల కొలువవలెను. వ్రేలాట పెరిగినచో సిలిండరు సీలో, వాల్వో గ్రీజును నిలుపజాలకున్నదని తెలిసికొని దానిని మార్పింపవలెను. పెరుగనిచో ఐడ్లరు అంచులను, ఫ్రేమును కొలిచి చూచి, అవియు సరిగా నున్నప్పుడే యంత్రమును పనికి పంపవలెను.