జార్జియా కుటుంబ ద్రాక్షతోటలు: ఇంటి వైన్, రకాల సంరక్షణ

కాకసస్ పర్వతాలకు దక్షిణాన గల జార్జియా దేశపు గ్రామాలలో అనేక కుటుంబాలకు ఇంటి వెనుక కొన్ని వరుసల ద్రాక్ష తీగలు, ఇంటి పక్కన 'మరాని' అనే వైన్ గది, ఆ గది నేలలో మెడ వరకు పూడ్చిన మట్టి బానలు ఉంటాయి. ఈ బానను 'క్వెవ్రీ' అంటారు. టిబిలిసికి దక్షిణాన గల గడాచ్రిలి గోరా, శులావేరి గోరా దిబ్బలలో లభించిన కుండ పెంకులలో టార్టారిక్ ఆమ్లపు జాడలను గుర్తించినట్లు 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఆ పెంకులు క్రీ.పూ. 6000-5800 నాటివి. క్వెవ్రీ పద్ధతిని యునెస్కో 2013లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే విస్తరణ శాస్త్రవేత్తలు ప్రధానంగా గమనించవలసినది దీని ప్రాచీనతను కాదు. ఈ చిన్న తోటలు ద్రాక్ష రకాలను నిలబెట్టిన తీరును.

తోట యాజమాన్యం

చలికాలంలో తీగ పూర్తిగా నిద్రావస్థలో ఉంటుంది కనుక అక్కడ ఏడాదికి ఒకే కత్తిరింపు. చలి తగ్గే సమయంలో, మొగ్గలు చిగురించక ముందే, కాపునిచ్చే కొమ్మను, మరుసటి ఏడాది కొమ్మ కోసం రెండు మొగ్గల పొట్టి కొమ్మను ఉంచి మిగిలినవి తొలగిస్తారు. బూజు తెగులు, బూడిద తెగులు ప్రధాన సమస్యలు. గుత్తుల చుట్టూ ఆకులను పలుచన చేసి గాలి, వెలుతురు సోకేలా చేయడం, బోర్డో మిశ్రమం, గంధకం వాడటం నివారణ చర్యలు.

సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో జరిగే కోతను 'ర్త్వేలి' అంటారు. రసంలోని ఒక్కొక్క బ్రిక్స్ డిగ్రీకి సుమారు 0.55 శాతం ఆల్కహాల్ ఏర్పడుతుంది. అనగా 22 బ్రిక్స్ గల రసం నుండి సుమారు 12 శాతం ఆల్కహాల్ గల వైన్ వస్తుంది. కోత ఆలస్యమైన కొద్దీ చక్కెర పెరిగి ఆమ్లత తగ్గుతుంది. ఆమ్లత తగ్గిన రసంలో హానికర బ్యాక్టీరియా సులభంగా వృద్ధి చెందుతుంది. అందువలన కోత తేదీని నిర్ణయించడమే ఆ కుటుంబం తీసుకొనే అతి ముఖ్యమైన నిర్ణయం.

క్వెవ్రీలో జరిగే ప్రక్రియ

తూర్పు ప్రాంతమైన కఖేతిలో తెల్ల ద్రాక్షను సైతం తొక్కలు, గింజలు, పండిన కాడలతో సహా బానలో వేస్తారు. పశ్చిమాన ఇమెరేతిలో పిప్పిని కొద్ది భాగమే కలుపుతారు. పండ్లపైన, మరానిలోన సహజంగా ఉండే ఈస్టులే కిణ్వనాన్ని ప్రారంభిస్తాయి. పైకి తేలిన పిప్పిని రోజుకు పలుమార్లు లోనికి అదుముతారు. లేనిచో గాలి సోకి వెనిగర్‌ను తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. కిణ్వనం ముగిశాక బానను నిండుగా నింపి, మూత పెట్టి, బంకమట్టితో మూసి వసంతం వరకు ఉంచుతారు. తొక్కల నుండి దిగిన టానిన్లు తెల్ల ద్రాక్ష వైన్‌కు తేనె రంగును ఇవ్వడమే గాక ఆక్సీకరణం నుండి కొంత రక్షణ కల్పిస్తాయి.

బాన లోపలి గోడలకు తేనెమైనం పూస్తారు. అయినా మట్టి రంధ్రాలలో పాత మడ్డి మిగిలితే మరుసటి ఏడాది వైన్ అంతా పులిసి వృథా అవుతుంది. కిణ్వనంలో వెలువడే బొగ్గుపులుసు వాయువు గాలి కంటే బరువైనది. మూసి ఉన్న గదిలోను, బాన అడుగునను నిలిచి ప్రాణాపాయం కలిగిస్తుంది. కనుక గాలి ధారాళంగా ఆడిన తరువాతనే శుభ్రపరిచే వ్యక్తి పెద్ద బానలోనికి దిగవలెను.

రకాలు నిలిచిన విధం

జార్జియాలో 500కు పైగా స్థానిక ద్రాక్ష రకాలు నమోదయ్యాయి. సోవియట్ కాలంలో కర్మాగారాల అవసరాల కోసం ర్కాత్సితేలి వంటి కొద్ది రకాలనే విస్తారంగా నాటించారు. 1985లో ప్రారంభమైన మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో అనేక తోటలను పెరికివేశారు. 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతులను నిషేధించడంతో ఒకే విపణిపై ఆధారపడిన పరిశ్రమ దెబ్బతిన్నది. ఈ ఒడిదుడుకులలో ఇంటి అవసరాల కోసం పెంచిన తీగలకు కర్మాగారపు కొలమానాలు వర్తించలేదు. తాత నాటిన తీగ నుండి మనుమడు కొమ్మ కత్తిరించి నాటుకున్నాడు. పరిశ్రమ కొత్త విపణులను వెదికిన రోజులలో ఈ రకాలు, ఈ క్వెవ్రీ పద్ధతియే దాని ప్రత్యేకతగా నిలిచాయి. ద్రాక్షను గింజ ద్వారా పెంచితే తల్లి మొక్క లక్షణాలు నిలవవు. కాబట్టి పెరటిలోని సజీవమైన తీగయే ఆ రకానికి నిధి.

మనకు వర్తించేది ఏమిటి?

క్వెవ్రీని యథాతథంగా దక్కనుకు తేలేము. లోతైన మట్టి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. కఖేతిలో చల్లగా ఉండే నేల హైదరాబాదు పరిసరాలలో 25 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. బానను పూడ్చినంత మాత్రాన వైన్ చల్లబడదు. ఇక్కడ తీగకు పూర్తి నిద్రావస్థ లేదు. ఏప్రిల్‌లోను, అక్టోబరులోను రెండు కత్తిరింపులు తప్పవు. అంతేగాక, లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం రెండు తెలుగు రాష్ట్రాలలోను ఎక్సైజ్ చట్టాల ప్రకారం నేరమన్న విషయాన్ని రైతులకు ముందుగానే తెలుపవలెను.

వర్తించేది సంరక్షణ సూత్రం. ఒకప్పుడు హైదరాబాదు పరిసరాలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి తోటలు నగర విస్తరణ వలన, నీటి కొరత వలన, గింజలేని రకాల గిరాకీ వలన తగ్గిపోయాయి. పాత తోటలలో, పెరటి పందిళ్లపై మిగిలిన తీగలను విద్యార్థులు గ్రామాలవారీగా గుర్తించి, తెగుళ్లు లేని కొమ్మలను పరిశోధన క్షేత్రాలకు చేర్చి, ఆ తీగను పెంచిన కుటుంబం చెప్పిన వివరాలను కూడా నమోదు చేయవలసి ఉన్నది. ఇల్లు కూల్చి కొత్త కట్టడం లేపిన నాడు ఆ పందిరితో పాటు ఆ రకం కూడా పోతుంది. సర్వేకు అనువైన సమయం అంతకు ముందే.